హీమోగ్లోబిన్ లోపలి దారుల్లో

తెర మీద వరసలు దిగుతున్నాయి. ప్రతి వరసా 'ఆటమ్' అనే మాటతో మొదలవుతుంది. తర్వాత పరమాణువు పేరు, అది ఏ అమైనో ఆమ్లానిదో ఆ పేరు, ఏ గొలుసుదో చెప్పే ఒక అక్షరం, ఆ గొలుసులో ఎన్నో స్థానమో చెప్పే అంకె. ఆ పైన మూడు సంఖ్యలు: అడ్డం, నిలువు, లోతు. మీరు తోసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. 'ఎ' గొలుసు వాలీన్‌తో మొదలై 141 దగ్గర ఆర్జినీన్‌తో ఆగింది. 'బి' గొలుసు కూడా వాలీన్‌తోనే మొదలై 146 దగ్గర హిస్టిడిన్‌తో ఆగింది. 'సి', 'డి' ఆ రెండింటికీ జంటలు. 'ఎ', 'సి'లను ఆల్ఫా గొలుసులంటారు, 'బి', 'డి'లను బీటా గొలుసులు. మొత్తం 574 అమైనో ఆమ్లాలు, నాలుగు హీమ్‌లు, ఒక్కో హీమ్ నడుమ ఒక్కో ఇనుప పరమాణువు. ఈ వరసలు చదువుతున్న మీ కంటి వెనక రక్తనాళాల్లో పరుగెడుతున్నది కూడా ఇదే. ఒక్క ఎర్ర కణంలో ఇలాంటి అణువులు దాదాపు 27 కోట్లు.

ప్రోటీన్ డేటా బ్యాంకులోని ఈ ఫైలు పేరు 2హెచ్‌హెచ్‌బి. ఆక్సిజన్ వదిలేసి ఖాళీగా ఉన్న మనిషి హీమోగ్లోబిన్. ఈ మూడేసి సంఖ్యలు ఊరికే రాలేదు. మాక్స్ పెరుట్జ్ 1937లో కేంబ్రిడ్జిలో హీమోగ్లోబిన్ స్ఫటికాల మీదికి ఎక్స్-కిరణాలు పంపడం మొదలుపెట్టాడు. నడుమ యుద్ధం వచ్చింది, ఆస్ట్రియాలో పుట్టినవాడని ఆయన్ని నిర్బంధించి కెనడాకి పంపారు, తిరిగి వచ్చి మళ్లీ అదే పని పట్టుకున్నాడు. అణువు ఆకారం మసకగానైనా కనబడేసరికి 1959 అయింది. మీ ముందున్నది ఆయనా ఆయన సహచరులూ 1984లో ఇచ్చిన మెరుగైన రూపం, 1.74 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు.

పాఠ్యపుస్తకంలో అయితే దీన్ని రంగురంగుల రిబ్బన్ల చుట్టలా గీస్తారు. ఆ బొమ్మ చూడ్డానికి బావుంటుంది. కానీ ఎవరు ఎవరిని తాకుతున్నారో అందులో కనబడదు. హీమోగ్లోబిన్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ముందు తెలియాల్సింది ఆ తాకిడే. అందుకే మీరు రిబ్బన్లు తీసేసి ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో చుక్క పెడుతున్నారు. 574 చుక్కలు నల్లని తెర మీద తేలుతున్నాయి.

వీటిలో ఏ రెంటి మధ్య గీత గీయాలి? అది కంప్యూటర్ చెప్పదు, మీరే తేల్చాలి. కొందరు ఒక్కో అమైనో ఆమ్లంలో ఒక కార్బన్ పరమాణువును గురుతుగా పెట్టుకుని, ఆ కార్బన్ల మధ్య దూరం చూస్తారు. మీరు ఇంకాస్త నిక్కచ్చిగా పోదామనుకున్నారు. ఒక అమైనో ఆమ్లం పక్కకు చాచిన కొమ్మలోని ఏ పరమాణువైనా అవతలి దాని కొమ్మలోని పరమాణువుకు 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుకి వస్తే ఆ రెండూ తాకుతున్నట్టే. 574 చుక్కల్లో రెండేసి చొప్పున తీస్తే 1,64,451 జతలు. చేత్తో అయితే ఏళ్లు పట్టే పని. ల్యాప్‌టాప్‌లో చిన్న పైథాన్ ప్రోగ్రాముకు క్షణాలు చాలు.

మీట నొక్కారు.

జతల్లో చాలా వాటికి గీత పడలేదు. మిగిలిన కొద్ది గీతలే తెరంతా అల్లుకున్నాయి. గొలుసులో పక్కపక్కన ఉన్నవి కలవడంలో వింతేమీ లేదు. వింతంతా దూరపు వాటిలో ఉంది. గొలుసు వెంట నడిస్తే ఎనభై స్థానాల దూరంలో ఉన్నవి మడతలో పక్కకొచ్చి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ఆ గీతలే దగ్గరి దారులు. వాటి వల్ల ఒక మూల నుంచి మరో మూలకు కొద్ది అడుగుల్లో చేరిపోవచ్చు. ప్రోటీన్లన్నిటిలోనూ ఈ లక్షణం ఉందని 2002లో వెండ్రుస్కోలో అనే శాస్త్రజ్ఞుడి బృందం చూపించింది. మరో రెండేళ్లకు ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇంకో మాట చెప్పారు: ఎక్కణ్ణుంచైనా తక్కువ అడుగుల్లో చేరగల చుక్కలేవో లెక్క కడితే, ప్రోటీన్ అసలు పని జరిగే చోటున్న అమైనో ఆమ్లాలు వాటిలో ఎక్కువగా కనబడతాయి. రసాయన గుణాలేవీ అడగలేదు. ఎవరు ఎవరి పక్కన ఉన్నారన్నదొక్కటే అడిగారు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి ఇది.

అయితే గీతలన్నీ ఒక్కటి కావు. కొన్ని జతలు అంచులు మాత్రం తగిలించుకుంటాయి, కొన్ని ఒళ్లంతా ఆనించి కూర్చుంటాయి. ఈ తేడాని లెక్కలోకి తెచ్చిన పని మన దగ్గరే జరిగింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి.ఎన్. రామచంద్రన్ 1971లో నెలకొల్పిన మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగంలో సరస్వతి విశ్వేశ్వర, ఆమె విద్యార్థులు 1999 నుంచి వరసగా ఈ దారిలో పరిశోధనలు ప్రచురించారు. రెండు అమైనో ఆమ్లాల మధ్య ఎన్ని పరమాణు జతలు దగ్గరగా ఉన్నాయో లెక్కపెట్టి, వాటి సైజును బట్టి సర్ది, ఆ బలాన్ని శాతంగా చెప్పారు. ఫలానా శాతం కన్నా బలహీనమైన గీతలు వద్దు అని మనం హద్దు పెట్టుకోవచ్చు.

ఆ హద్దును మీరే పెంచి చూడండి. సున్నా దగ్గర తెరంతా ఒకటే అల్లిక. ఒక శాతం. బలహీనమైన గీతలు కొన్ని రాలిపోయాయి, అల్లిక మాత్రం చెదరలేదు. రెండు. అయినా పెద్ద గుత్తి నిలబడే ఉంది. ఇంకొంచెం జరపగానే అంతసేపూ ఒక్కటిగా ఉన్నది కాసేపట్లోనే చిన్న చిన్న ముక్కలైపోయింది. ప్రోటీన్ ఏదైనా ఇంతే: క్రమంగా సన్నబడదు, ఒక హద్దు దాటాక కూలుతుంది. ఈ కూలడానికి ఎదురు నిలిచి ఎక్కువ గీతల్ని పట్టుకుని ఉన్న చుక్కల మీద వేలు పెట్టండి. వలయాలున్న పెద్ద అమైనో ఆమ్లాలు, ఆర్జినీన్, హిస్టిడిన్, మిథియొనీన్. హద్దు తగ్గిస్తే ల్యూసీన్లు, ఐసోల్యూసీన్లు కూడా వాటితో చేరతాయి. వేడి నీటి ఊటల్లో బతికే సూక్ష్మజీవుల ప్రోటీన్లలో ఇలాంటి గట్టి కూడళ్లు ఎక్కువని 2005లో విశ్వేశ్వర, ఆమె విద్యార్థి బ్రిందా చూపించారు. మరిగే నీళ్లలో కూడా విడిపోకుండా ఉండాలంటే మరి పట్టు ఉండాలి కదా.

ఇక తెర బయటి నుంచి చూడటం చాలు. లోపలికి దిగండి.

మీరు 'ఎ' గొలుసులో హీమ్ పక్కన నిలబడి ఉన్నారు. ఎదురుగా చదునైన వలయం, దాని నడిమధ్య ఇనుము. సరిగ్గా నడిమధ్య కాదు. వలయం పలక నుంచి దాదాపు 0.4 ఆంగ్‌స్ట్రామ్‌లు బయటికి పొంగి ఉంది. దాన్ని అటు లాగి పట్టుకున్నది 87వ స్థానంలోని హిస్టిడిన్. ఇనుముతో గట్టి బంధం ఉన్న అమైనో ఆమ్లం ఇదొక్కటే. చుట్టూ నీళ్లు రాని జిడ్డు గోడలు. మిగతా మూడు హీమ్‌లు ఇక్కణ్ణుంచి కనబడవు. దగ్గరలో ఉన్నదే 25 ఆంగ్‌స్ట్రామ్‌ల అవతల, మరో గొలుసులో ఉంది. ఇంత దూరంలో ఉన్నవి ఒకదానికొకటి ఎలా కబురు చెప్పుకుంటాయన్నది పెరుట్జ్‌ను ఆకారం దొరికాక కూడా పదేళ్లు వేధించింది. ఒక హీమ్ ఆక్సిజన్ అందుకుంటే మిగిలినవి దాన్ని మరింత తేలిగ్గా అందుకుంటాయని శాస్త్రజ్ఞులకు ఎప్పటినుంచో తెలుసు. ఎలాగన్నదే తెలీదు.

ఆక్సిజన్ వచ్చింది. హీమ్‌కు అవతలి వైపు నుంచి లోపలికి జారి ఇనుమును పట్టుకుంది. ఇనుము కదిలింది. పొంగి ఉన్నది పలకలోకి దిగింది. మీ కాళ్ల కింద 87వ హిస్టిడిన్ దాంతోపాటు జరిగింది, గొలుసులో అది ఉన్న స్ప్రింగు లాంటి చుట్ట మొత్తం జరిగింది. చుట్ట చివర మలుపు తిరిగే చోట ఆ కదలిక మరో గొలుసును నెట్టింది. నులక మంచానికి ఒక మూల కూర్చుంటే ఎదుటి మూల నులక బిగిసినట్టు, ఇక్కడి కదలిక గీతల వెంటే అక్కడికి చేరింది. ఆ వెంటే మీరూ పరుగెత్తండి.

రెండు గొలుసులు కలిసే సరిహద్దుకు వచ్చారు. ఇక్కడ బీటా గొలుసులోని 97వ హిస్టిడిన్ ఆల్ఫా గొలుసులోని రెండు అమైనో ఆమ్లాల నడుమ ఇరుక్కుని ఉంది: ఒకటి 41వ థ్రియొనీన్, రెండోది 44వ ప్రోలీన్. నెట్టుడు పెరుగుతోంది. ఒక్కసారిగా ఆ హిస్టిడిన్ అక్కణ్ణుంచి లేచి పక్క గాడిలోకి పడింది. ఇప్పుడు దానికి ఒకవైపు 41, ఇంకోవైపు 38. ఈ రెండు గాడులకూ మధ్యలో ఆగే చోటు లేదు. అది అలా దూకేసరికి, సగం అణువు మిగతా సగం మీద 15 డిగ్రీలు తిరిగింది. ఆల్ఫా 42వ టైరోసిన్‌కూ బీటా 99వ ఆస్పార్టిక్ ఆమ్లానికీ మధ్య ఉన్న గీత తెగింది. ఆల్ఫా 94కూ బీటా 102కూ మధ్య కొత్త గీత పడింది. గొలుసుల కొసల్లో ధనావేశం రుణావేశం కలిసి కట్టుకున్న ముడులు ఒక్కొక్కటే విడిపోయాయి. ఇంకా ఆక్సిజన్ అందని హీమ్‌లు కూడా ఇప్పుడు దాని కోసం తెరుచుకుని ఉన్నాయి.

1938లో ప్రేగ్‌లో ఫెలిక్స్ హౌరోవిట్జ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ దూకుడును తనకు తెలియకుండానే మైక్రోస్కోపు కింద చూశాడు. ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ స్ఫటికాలు ఊదారంగు పలకలుగా ఉండేవి. గాజు పలక కిందికి గాలి చొరబడగానే అవి కరిగిపోయి, వాటి స్థానంలో ఎర్రని సూదులు లేచాయి. అణువు ఆకారమే మారితే తప్ప అలా జరగదని పెరుట్జ్ అర్థం చేసుకున్నాడు. ఏ పరమాణువు ఎటు జరుగుతుందో 1970లో వివరంగా రాశాడు.

మీరు తెర ముందుకు తిరిగి రండి. ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్ ఫైలు 1హెచ్‌హెచ్‌ఓ. దాన్ని నాలుగు గొలుసుల పూర్తి అణువుగా తెరిచి, దానికీ అల్లిక గీసి, మొదటి అల్లికలోంచి తీసెయ్యండి. రెండిట్లోనూ ఉన్న గీతలు మాయమైపోతాయి. తేడాలు మాత్రమే మిగులుతాయి. గొలుసుల లోపల పెద్దగా ఏమీ మిగల్లేదు, చుట్టలు చుట్టలుగానే ఉన్నాయి. తేడాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క సరిహద్దు దగ్గరే గుంపుగా వెలుగుతున్నాయి. పెరుట్జ్ మూడు దశాబ్దాలు కళ్లతో, చేతులతో వెతికి పట్టుకున్న చోటు ఈ తీసివేతలో మధ్యాహ్నం లోపు బయటపడుతుంది. దీనర్థం ఆయన పని తేలికని కాదు. ఆయన ఇచ్చిన సంఖ్యల్లో ఎంత దాగి ఉందో ఇప్పుడు తెలుస్తోందని.

ఇంతవరకూ వచ్చాక ఎవరికైనా ఒక నమ్మకం కలుగుతుంది: ఎక్కువ గీతలున్న చుక్కే ముఖ్యం, ఎక్కువ దారులు ఎక్కణ్ణుంచి పోతే అదే కీలకం. ఆ నమ్మకంతోనే బీటా గొలుసు మొదట్లోకి వెళ్లండి. వాలీన్, హిస్టిడిన్, ల్యూసీన్, థ్రియొనీన్, ప్రోలీన్. ఆరోది గ్లుటామిక్ ఆమ్లం.

దాని గీతలు లెక్కపెట్టండి. చాలా తక్కువ. ఉన్నవి కూడా దాదాపు ఇరుగుపొరుగుతోనే. అణువు పైభాగాన, నీళ్లలోకి చెయ్యి చాచి ఉంది. ఏ ముఖ్యమైన దారీ దీని మీదుగా పోదు. దీన్ని తీసేసి చూసినా అల్లిక కదలదు. ముఖ్యమైన చుక్కల జాబితా తయారు చెయ్యమంటే మీ ప్రోగ్రాము దీన్ని అట్టడుగునెక్కడో రాస్తుంది. గ్లుటామిక్ ఆమ్లాన్ని వాలీన్‌గా మార్చి మళ్లీ నడపండి. హీమ్‌లు అలాగే ఉన్నాయి, సరిహద్దు అలాగే ఉంది, 97వ హిస్టిడిన్ అదే గాడిలో ఉంది. ఏమీ జరగలేదనే చెబుతుంది లెక్క.

ఆ ఒక్క మార్పే సికిల్ సెల్ జబ్బు. లైనస్ పాలింగ్ బృందం 1949లో దీన్ని అణువుకు వచ్చిన జబ్బు అంది. తేడా అంతా ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని 1950ల్లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు.

మరి మీ అల్లిక ఎందుకు మౌనంగా ఉంది? ఎందుకంటే మీరు గీసింది ఒక్క అణువును. మూడో ఫైలు తెరవండి: 2హెచ్‌బిఎస్, ఆక్సిజన్ లేని సికిల్ హీమోగ్లోబిన్, 1997 నాటిది. ఇందులో అణువులు రెండు, పక్కపక్కన. అదే హద్దుతో, అదే ప్రోగ్రాముతో గీతలు గీయండి. రెండు అల్లికల మధ్య ఖాళీలోకి చూస్తూ ఉండండి. ఒక అణువులోని ఆరో వాలీన్ ఖాళీని దాటి రెండో అణువు బీటా గొలుసును తాకింది. అక్కడ 85వ ఫినైలలనీన్, 88వ ల్యూసీన్ నడుమ ఒక జిడ్డు గుంట ఉంది. గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం ఉంటుంది, అది ఆ గుంటలోకి పోదు. వాలీన్ దానిలో ఇమిడిపోయింది. ఇందాకటి దాకా ఎవరికీ పట్టని చుక్క ఇప్పుడు రెండు ప్రపంచాల నడుమ వంతెన.

ఆక్సిజన్ ఉన్నప్పుడు అణువులు ఈ విధంగా అతుక్కోలేవు, ఆకారం అందుకు ఒప్పుకోదు. ఆక్సిజన్ దించేశాక, మీరు ఇందాక పరుగెత్తిన దారిలోనే అణువు వెనక్కి తిరిగాక, వీలు దొరుకుతుంది. ఒక అణువు ఇంకోదాన్ని పట్టుకుంటుంది, అది మరోదాన్ని. పధ్నాలుగు పోగులు మెలిపడి ఒక తాడవుతాయి. తాళ్లు పెరిగి ఎర్ర కణాన్ని లోపలి నుంచి పొడుస్తాయి. మెత్తగా వంగి సన్ననాళాల్లో దూరిపోవాల్సిన కణం కొడవలిలా బిరుసెక్కి ఇరుక్కుంటుంది. 120 రోజులు బతకాల్సింది పది, ఇరవై రోజుల్లో పగిలిపోతుంది. కణాలు అలా ఇరుక్కున్నప్పుడు ఎముకల్లో వచ్చే నొప్పి ఎలా ఉంటుందో పాడేరులోనూ ఉట్నూరులోనూ భద్రాచలం చుట్టుపక్కలా చాలా ఇళ్లకు తెలుసు.

ఇదే ఆరో స్థానంలో వాలీన్‌కు బదులు లైసీన్ వచ్చినవాళ్లు కూడా ఉన్నారు, ఎక్కువగా పశ్చిమ ఆఫ్రికాలో. ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ అదే వచ్చినా వాళ్లకు కొద్దిపాటి రక్తహీనతే, కణాలు కొడవళ్లు కావు. చోటు అదే. ఎదుటి గుంటతో గీత పడలేదు, అంతే.

ఆ గీతను కళ్లతో చూడాలనుందా? ఆరోగ్య కేంద్రంలో బల్ల దగ్గరికి రండి. వేలి కొస నుంచి తీసిన రక్తపు చుక్క చిన్న పరీక్ష గొట్టంలోకి పడింది. అందులోని ద్రావణం ఎర్ర కణాల్ని పగలగొడుతుంది, డైథయొనైట్ అనే రసాయనం ఆక్సిజన్‌ను లాగేస్తుంది. గొట్టం వెనక నల్ల గీతలున్న కాగితం. కొద్ది నిమిషాలు ఆగండి. మామూలు రక్తమైతే ద్రావణం తేటగా ఉంటుంది, గీతలు కనబడతాయి. ఈ గొట్టం మసకబారింది, గీతలు కనబడటం లేదు. కోట్ల కోట్ల ఆరో వాలీన్లు పక్క అణువుల గుంటల్లో దిగబడితేనే ఈ మసక. జబ్బు లేకుండా జన్యువును మోస్తున్నవాళ్ల రక్తం కూడా ఇలాగే మసకబారుతుంది కాబట్టి, ఏది ఏదో తేల్చడానికి ఇంకో పరీక్ష చెయ్యాలి. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చెయ్యాలని కేంద్ర ప్రభుత్వం 2023లో పెట్టిన కార్యక్రమం లక్ష్యం.

విరుగుడు కూడా గీతల్లోనే ఉంది. ఈ జబ్బుతో పుట్టిన బిడ్డ మొదటి కొన్ని నెలలు హాయిగానే ఉంటుంది. గర్భంలో తయారైన హీమోగ్లోబిన్ ఇంకా ఒంట్లో ఉండటమే కారణం. దానిలో బీటాకు బదులు గామా గొలుసు ఉంటుంది. 87వ స్థానంలో, ఆ జిడ్డు గుంట అంచునే, థ్రియొనీన్‌కు బదులు గ్లుటమిన్ ఉంటుంది. పక్క అణువు అక్కడ సరిగా ఆనలేదు, తాడు పెరగలేదు. హైడ్రాక్సీయూరియా మాత్ర పెద్దవాళ్లలో కూడా ఈ గర్భస్థ హీమోగ్లోబిన్‌ను కొంత పెంచుతుంది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు సవరణ చికిత్స చేసేదీ అదే పని, ఎంతో ఎక్కువ ఖర్చుతో. మాత్ర చవక. అది అవసరమైన ప్రతి మన్యం గూడేనికీ ఆగకుండా అందాలి.

ప్రోటీన్ల అల్లికలు గీసే పని ఇరవై ఏళ్లలో చాలా పెరిగింది. అయినా ఎక్కువమంది ఇప్పటికీ ఒక్క అణువునే గీసి, అందులో ఎవరు పెద్ద ఎవరు చిన్న అని జాబితాలు రాస్తున్నారు. ఆరో స్థానాన్ని చూశాక అది సగం పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను. పైగా ఈ ఫైళ్లన్నీ కదలని ఫొటోలు, అణువు క్షణం కూడా కుదురుగా ఉండదు. అందుకే విశ్వేశ్వర బృందం 2007లో అణువు కదలికలను కంప్యూటర్‌లో నడిపించి, అడుగడుగునా అల్లిక గీసి, దారులు వెతికింది. అణువుల గుంపుల మీద, కదలికల మీద ఇలాంటి పని ఇంకా ఎంతో జరగాలి.

హీమోగ్లోబిన్‌లో ఇప్పటికి తెలిసిన మార్పులు వెయ్యికి పైగా ఉన్నాయి. వాటిలో ఏవి ఏ పక్క అణువుతో ఏ గీత గీస్తాయో వెతకడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ప్రోటీన్ డేటా బ్యాంకులో ఫైళ్లన్నీ ఉచితం, ప్రోగ్రాములూ ఉచితం. పాడేరులోనో ఉట్నూరులోనో డిగ్రీ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ జబ్బు మీ ఊళ్లది, ఈ లెక్క కూడా మీ చేతిలోకి రావాలి. 2హెచ్‌హెచ్‌బి, 1హెచ్‌హెచ్‌ఓ, 2హెచ్‌బిఎస్ - ఈ మూడు పేర్లూ రాసుకోండి. దించుకుని గీయడం మొదలుపెట్టండి. గీసేటప్పుడు పక్కనున్న రెండో అణువును మాత్రం వదిలెయ్యకండి.